మాఫీ వద్దన్న కొడుకు

అమ్మ అప్పు మాఫీ కాకూడదని దేవుడికి కొబ్బరికాయ మొక్కుకున్న కొడుకు సూరత్ మొత్తంలో నేనొక్కడినే అయి ఉంటాను. ఏం చేయను? మాఫీ అయితే అక్షర మా వడోద్ గల్లీకి ఇక రాదు.

మిర్చి బండి పెట్టుకోవడానికి అమ్మ ఒక చిన్న ఫైనాన్స్ కంపెనీలో లోన్ తీసుకుంది. అంతలో కరోనా వచ్చిపడింది. లాక్‌డౌన్ ఎత్తేసినా బండికి గిరాకీ లేదు, నేను బట్ట నేసే సాంచెలు ఇంకా సగం బందే. కంపెనీ తరఫున మన తెలుగు పిల్ల అక్షర మాత్రం ప్రతి మంగళవారం స్కూటీ మీద వచ్చేది. కిస్తీ అడగడానికి వచ్చి, అమ్మ బీపీ గోలీ వేసుకుందో లేదో అడిగి వెళ్లేది. మాస్కు పైన ఆ కళ్లు చూశాక, వారానికి ఒక్కటే మంగళవారం ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు.

ఆ రోజు చేతిలో ఫారంతో వచ్చింది.

"వెంకటవ్వ మాసీ, కట్టలేనోళ్ల పేర్లు రాసియ్యమన్నరు. మీది మాఫీకి రాస్తున్న."

"వద్దు మేడమ్," అన్నాను.

పెన్ను ఆగింది. "ఎందుకు?"

"మాఫీ చేస్తే జనాలకు అలవాటైతది. రేపు ఎవ్వరూ కట్టరు. ముక్కుపుల్ల అమ్మి కట్టినోళ్లు పిచ్చోళ్లా?"

"మా మేనేజర్ గూడ గిదే అన్నడు. పదిహేను రోజులు లడాయి చేసి ఒప్పించిన. కట్టినోళ్లకు వచ్చే లోన్ల వడ్డీ తగ్గించమని గూడ రాసిన. ధంధా బందైతే అది మాసీ తప్పా? అసలు నువ్వు అప్పున్న ఇంటి కొడుకువా, మా మేనేజర్ అల్లుడివా?"

కోపంలో 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఆ సంతోషంలో నా నోరు జారింది.

"అప్పు లేకపోతే మీరు రారు గదా."

పొయ్యి దగ్గర అమ్మ చేతిలో గంటె ఆగిపోయింది. అక్షర కళ్లు ముందు పెద్దవయ్యాయి, తర్వాత చిన్నవయ్యాయి. మాస్కు లోపల నవ్వుతోందని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

"పాగల్," అని తల వంచుకుని ఫారం మీద గబగబా సంతకం చేసింది. "మాఫీకి రాసేసిన. ఆఫీస్ పెట్రోల్ మీద నేనింక రాను. ఆదివారం నువ్వే జోల్వాల మా ఇంటికి రా. గీ కారణమే మా బాపుకు చెప్పు."

తల ఊపాను, అవసరానికి మించి చాలాసార్లు.

అమ్మ కొంగుకు చేతులు తుడుచుకుంది.

"నేను గూడ వస్త బిడ్డా. మా పరుశురాంను ఒక్కణ్ని పంపితే, మీ బాపు పిల్లనిస్తనన్నా వద్దని చెప్పొస్తడు."