శుక్రవారం ఫోన్

ఆదివారం ఉదయం పెరట్లో తీగల నిండా నీలం చొక్కాలు ఆరుతున్నాయి. జట్టంతా విడిచిన చొక్కాలు ఒక్క ఇంటి పెరట్లో వేలాడుతుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారోనని మొదట్లో అత్తగారు మొహమాటపడేవారు. ఇప్పుడు ఆ మొహమాటం కూడా ఉతికి ఆరేసేశారు.

మూడో డివిజన్ ఫుట్‌బాల్ క్లబ్బంటే అలాగే ఉంటుంది. టీవీలో కనిపించే పెద్ద క్లబ్బుల్లో బట్టలు ఉతకడానికి ఒక విభాగం, గడ్డి పెంచడానికి ఇంకో విభాగం ఉంటాయేమో గానీ, ఇక్కడ ఆ విభాగాలన్నీ ఈ ఇంట్లోనే ఉన్నాయి. అత్తగారు చొక్కాలు ఉతుకుతారు. మామగారు మైదానం చూసుకుంటారు. కోడలు క్లబ్ మేనేజరు. కొడుకు జట్టు కెప్టెన్. వెనక నిలబడి ఎవరినీ ముందుకు పోనివ్వడు కాబట్టి అందరూ అతన్ని ‘గోడ’ అంటారు. కన్నతల్లి కూడా అప్పుడప్పుడు నోరుజారి అలాగే పిలుస్తుంది.

నిన్నటిది సీజన్లో ఆఖరి మ్యాచ్. ఓడిన జట్టు కింది లీగ్‌కు పోతుంది. కింది లీగ్‌లో జీతాలుండవు. వారమంతా ఇంకెక్కడో పనిచేసుకుని, సెలవు రోజున సరదాకి ఆడుకోవాలి. ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా గోడ గాల్లోకి లేచి తలతో గోల్ కొట్టాడు. క్లబ్బు నిలిచింది. మామగారు మైదానం అంచున కూలబడి, ఎవరైనా చూస్తారన్న ధ్యాస లేకుండా ఏడ్చారు.

“ఈ మట్టి నయమే తల్లీ, చెయ్యి పెడితే పోతోంది” అన్నారు అత్తగారు ఇంకో చొక్కా పిండుతూ. “ఆ వాన మ్యాచ్ చొక్కాలకి నా నడుం విరిగిందనుకో. వీడిదైతే మరీను. రిఫరీతో వాదన పెట్టుకుని బురదలో కూర్చున్నాడు. పసుపు కార్డు చూపిస్తేగానీ లేవలేదు మహానుభావుడు.”

కోడలి చేతిలోని క్లిప్పు తీగ దగ్గరే ఆగిపోయింది.

పసుపు కార్డంటే హెచ్చరిక. సీజన్లో అలాంటివి ఐదు పడితే ఆ ఆటగాడు తర్వాతి మ్యాచ్‌కి బయట కూర్చోవాలి. ఎవరికి ఎన్ని పడ్డాయో చూసుకుని, ఆడేవాళ్ల పేర్లు రాసిచ్చేది ఆమే. ఆ వాన మ్యాచ్ సగంలో ఆగిపోయింది. స్కోరు రద్దు చేసి, తర్వాత ఇంకో రోజు మొదటినుంచీ ఆడించారు. ఆ మ్యాచే లేనప్పుడు అందులో పడ్డ కార్డు మాత్రం ఎక్కడుంటుందని ఆమె అనుకుంది. నిజానికి అనుకోలేదు కూడా, పని హడావుడిలో అలా వదిలేసింది. నిబంధన మాత్రం వేరు. ఆగిపోయిన మ్యాచ్‌లో గోల్స్ పోతాయి, కార్డులు పోవు. ఆ కార్డుతో కలిపితే ఆమె భర్తకు కిందటి వారమే ఐదు నిండాయి. నిన్న అతను ఆడకూడదు. ఆడకూడని మనిషి ఆడితే గెలుపు అవతలి జట్టుకు రాసేస్తారు.

లోపల గోడ సోఫాలో కాళ్లు చాపుకుని, మోకాలి మీద ఐసు పెట్టుకున్నాడు. పక్కన మామగారు నిన్నటి గోల్‌ని ఫోన్లో మళ్లీ మళ్లీ చూస్తున్నారు.

“ఏమండీ, వాన మ్యాచ్‌లో పడ్డ కార్డు కూడా లెక్కలోకి వస్తుంది” అంది ఆమె.

ఏ కార్డని అతను అడగలేదు. మోకాలి మీది ఐసు సర్దుకుని, “సాయంత్రం ఆరింటికి అవతలివాళ్లు అభ్యంతరం పెట్టే గడువు అయిపోతుంది. అప్పటిదాకా ఊరుకో” అన్నాడు.

“గడువు సంగతి మీకెలా తెలుసు?”

అతను తండ్రి ఫోన్లోని గోల్ వైపు చూశాడు.

“ఆటగాళ్లకు అక్కర్లేని విషయం కదా అది. ఎందుకు కనుక్కున్నారు?”

“కార్డు చూపించింది నాకు. నేనెలా మర్చిపోతాను?” అన్నాడు చివరికి. “నువ్వే నా పేరు రాశావు. రాశావు కదా అని ఆడాను.”

ఆమె కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడింది. “అంటే బయటపడితే నా పొరపాటు. పడకపోతే మీ గోల్.”

“నేను కూర్చునుంటే నిన్న గెలిచేవాళ్లమా? కిందికి పోతే నాన్న ఏం చేస్తాడు, ఆలోచించావా?”

మామగారు ఫోన్ పక్కన పెట్టారు. విషయం ఆయనకు అప్పుడే అర్థమైంది. “ఇంక చాలించండి. నా జుట్టు ఆ గడ్డిలోనే నెరిసింది. నా కోసం ఒక్క సాయంత్రం నోరు మెదపకుండా ఉండలేవా అమ్మాయ్?”

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. తండ్రి లేని పిల్లకు ఆయన తండ్రిలాగే ఉండేవారు. క్లబ్బులో ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

“అవతల కూడా గడ్డి కోసే మనిషి ఒకరుంటారు కదా మామయ్యగారూ” అంది, నేల చూస్తూ.

ఆయన లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లిపోయారు. తడి చేతులతో గుమ్మంలో నిలబడి అంతా విన్న అత్తగారు, తీగ మీంచి కొడుకు చొక్కా తెచ్చి అతని ఒళ్లో పడేశారు. “ఇవాళ్టికి ఎవరి చొక్కా వాళ్లే మడతపెట్టుకోండి” అని మాత్రం అన్నారు.

ఆమె గదిలోకి వెళ్లి ఫోన్ చేతిలోకి తీసుకుంది. అవతలి క్లబ్ మేనేజరు కూడా ఆడమనిషే. ప్రతి మ్యాచ్‌కీ ముందు శుక్రవారం రెండు క్లబ్బుల మేనేజర్లు ఫోన్లో మాట్లాడుకుని ఎవరు ఏ రంగు వేసుకోవాలో తేల్చుకోవాలి. అలా మొదలైన మాటలు పిల్లల చదువులు, నడుం నొప్పుల దాకా వెళ్లాయి. మొన్న శుక్రవారం కూడా, “మేం తెల్లవి వేసుకొస్తాంలే చెల్లీ. ఓడినా ఫోటోల్లో బాగుంటాం” అని నవ్వించింది. నిన్న ఓడాక వచ్చి కౌగిలించుకుని, మీరు నిలిచారు, సంతోషం అంది. అప్పుడామె భుజాలు వణుకుతున్నాయి.

ఎంతసేపైనా కోడలి వేలు ఆ నంబరు మీద పడలేదు. ఎప్పుడు వచ్చాడో, భర్త ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. చెరిపేస్తాడేమో అనుకుంది. అతను నంబరు నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“అక్కా, నేను, గోడని. నిన్న నేను ఆడకూడదు. నాకు ఐదు కార్డులున్నాయి. మా ఆవిడ లెక్క తప్పింది గానీ, నేను తెలిసే ఆడాను. అభ్యంతరం పెట్టండి, ఆరింటిదాకా టైముంది. లీగ్ ఆఫీసుకి మేమూ చెబుతాం.”

అవతల తలుపు వేసిన చప్పుడైంది. తర్వాత, “మీ ఆవిడ పక్కనే ఉందా బాబూ? ఏడవొద్దని చెప్పు” అని వినిపించింది.

ఏడవకుండా ఎలా ఉంటుంది? అతను ఆమె పక్కన మంచం మీద కూర్చున్నాడు.

“అందరికీ అడ్డం నిలబడతానని పేరు. నేనే వెళ్లి నీ వెనకాల దాక్కున్నాను” అన్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది గానీ, క్షమించానని మాత్రం అప్పుడే అనలేదు.

లీగ్ వాళ్లు గెలుపును అవతలి జట్టుకు ఇచ్చేశారు. క్లబ్బు కిందికి పోయింది. గోడ మీద చాలా మ్యాచ్‌ల నిషేధం పడింది. ఆమెకు గట్టి మందలింపు వచ్చింది. ఇల్లు గడవడానికి అతను ఒక గోదాములో పనికి చేరాడు, ఆమె పొద్దున పూట బళ్లో లెక్కలు చెప్పసాగింది. మామగారు జీతం లేకపోయినా రోజూ మైదానానికి వెళ్లేవారు. ఇంట్లో మాత్రం ఇద్దరితోనూ మాటల్లేవు. కోడలు కంచం పెడితే తింటారు, తల ఎత్తరు. సెలవు రోజొకటి చూసుకుని, “ఊరికే కూర్చోకపోతే వచ్చి ఆ తాడు చివర పట్టుకో, మైదానంలో గీతలు వెయ్యాలి” అని కొడుకుని పిలిచారు. కోడల్ని మాత్రం పిలవలేదు. ఆమెకు తిండి సయించేది కాదు.

కొత్త సీజన్ ఇంకా మొదలవ్వని ఒక శుక్రవారం ఆమె పెరట్లో బట్టలు తీస్తుండగా ఫోన్ మోగింది.

“చెల్లీ, ఏ రంగు వేసుకుంటారు?”

“అక్కా, మనం ఇప్పుడు ఒక లీగ్‌లో లేం కదా.”

“లీగ్ మొదలయ్యే ముందు అందరూ ఉత్తి మ్యాచ్‌లు ఆడుకుంటారు కదా. మా వాళ్లు మొదటిది మీతోనే ఆడతామంటున్నారు. అదీ మీ మైదానంలోనే. వచ్చి మీ అందరి చేతులూ పట్టుకోవాలట.”

ఆమె వెనక్కి తిరిగింది. గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు. ఫోన్లో గొంతు ఆయనకు కూడా వినబడుతోంది. కాసేపు గడ్డం గోక్కున్నారు, పెరడంతా ఒకసారి చూశారు.

“మనం నీలమే వేసుకుంటామని చెప్పమ్మా” అన్నారు. “గడ్డి పొట్టిగా కోసి ఉంచుతానని కూడా చెప్పు.”

ఆ ఆదివారం తర్వాత ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది. అవతల అక్క “హలో, హలో” అంటోంది. ఆమె చేతిలోని బట్టలు మళ్లీ తీగ మీద పడేసి, “నీలం అక్కా” అంది, “గడ్డి పొట్టిగా ఉంటుంది.”