గచ్చు పోయని గదిలో మూడు దగ్గులు

సొల్‌గొల్ ఊరి చివర, కొండని ఆనుకుని ఉన్న ఆ ఇంటి ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా నడవరు. సున్‌రే అవ్వ అందులో ఒక్కతే ఉంటుంది. కానీ రాత్రిళ్లు ఇద్దరు పోట్లాడుకుంటున్నట్టు వినిపిస్తుందట. వాళ్లాయన పోయి ఎనిమిదేళ్లయింది. నేనెప్పుడూ వినలేదు. వెళ్లి వినేంత ధైర్యం నాకు లేదు, ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గూ లేదు.

నాది పైపుల కొట్టు. ఈ సంగతి నాకు చెప్పింది నా దగ్గర పైపులు కొనే బొన్‌సిక్. వాడి భార్య అన్నయ్య మాన్‌గిల్ పక్కనే కూర్చుని, ప్రతి మాటకీ అడ్డుపడుతూ తనూ చెప్పాడు. కాబట్టి ఇందులో సగం నిజం ఒకడిది, సగం ఇంకొకడిది.

బొన్‌సిక్ పన్నెండేళ్లు ఒక మేస్త్రి కింద పనిచేసి, మొదటిసారి సొంతంగా ఒప్పుకున్న పని ఆ ఇల్లే. అవ్వ గదిలో నేల వెచ్చబడేందుకు వేడినీళ్ల ప్లాస్టిక్ పైపులు చుట్టలు చుట్టలుగా పరిచాడు. వాటిలో నీళ్లు నింపి, పంపు కొట్టి, ఒత్తిడి చూపే మీటరు ముల్లు పది మీద నిలబెట్టాడు. తెల్లారేదాకా అది అక్కడే నిలబడాలి, దిగిందంటే ఎక్కడో లీకున్నట్టు. నిలబడితే ఏడింటికి సిమెంటు మాలు లారీ వస్తుంది, మాన్‌గిల్ గచ్చు పోస్తాడు.

నిలబడకపోతే? మర్నాటి రాత్రి నుంచే నేల గడ్డకట్టే చలి అన్నారు. ఇక వసంతం దాకా గచ్చు లేదు. అవ్వ చలికాలమంతా పక్కింటి వాళ్ల మూల గదిలో ముడుచుకోవాలి. బొన్‌సిక్‌ని మళ్లీ ఎవరూ పనికి పిలవరు.

అందుకే ఇద్దరూ బకెట్లు బోర్లించుకుని, టార్చి వెలుగులో మీటరుకి కాపలా కూర్చున్నారు.

రాత్రి పదిన్నరకి ముల్లు కదిలింది...

“బావా... చూడు.”

“దిగిందా?”

“దిగితే లీకు అనుకుందును. ఎక్కుతోంది!”

ముల్లు పదకొండు దాటింది. పన్నెండు వైపు పోతోంది. పంపు దగ్గర ఎవరూ లేరు. బొన్‌సిక్ అరచెయ్యి నేలకి ఆనించాడు.

వెచ్చగా ఉంది.

బాయిలరు ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. కరెంటు లేదు. అయినా నేల వెచ్చగా ఉంది... అప్పుడు కింద నుంచి, సరిగ్గా వాళ్ల కాళ్ల కింద నుంచి — చిట్... చిట్... అని చప్పుడు.

“ఒరే, ఎవరో కింద ఉన్నార్రా,” అన్నాడు మాన్‌గిల్ గుసగుసగా.

“నా చెయ్యి వదులు బావా.”

“నేను పట్టుకుంది నీ చెయ్యా?”

“మరి ఎవరిదనుకున్నావు!”

ఇద్దరూ ఒకేసారి పెరటి తలుపు తోసుకుని బయటపడ్డారు. గోడ పక్కన తెల్లబట్టల్లో ఏదో ముడుచుకు కూర్చుని ఉంది. మొహం ఎర్రగా వెలుగుతోంది. అది మెల్లగా వీళ్ల వైపు తిరిగింది...

బొన్‌సిక్ ‘అమ్మా!’ అని కేకపెట్టాడు. మాన్‌గిల్ వెనక్కి గెంతి, ఉప్పునీళ్లలో నానేసిన క్యాబేజీల తొట్టిలో కూలబడ్డాడు.

“నా క్యాబేజీలు!” అని అరిచింది ఆ ఆకారం. “లే, వెధవా! నీ ముడ్డికి దొరికింది నా పచ్చడేనా?”

సున్‌రే అవ్వే! పాత పొయ్యిలో పైన్ పుల్లలు ఎగదోస్తోంది.

“ఇవాళ మా ఆయన తద్దినంరా. అసలే చలికి ఓర్చుకోలేని మనిషి. వచ్చేసరికి గది చల్లగా ఉంటే ఏడాదంతా నన్ను సాధిస్తాడు.”

బొన్‌సిక్ తల పట్టుకున్నాడు. పాత నేల కింద, ఆ పొయ్యి వేడి పొగ తిరిగే రాతి కాలవలుంటాయి; వేడెక్కి చిట్‌చిట్ మన్నవి ఆ రాళ్లే. వాటిని తవ్వడం బద్ధకమై, పైనే పైపులు పరిచేశాడు. పొయ్యి నోరు మూయడం మరిచిపోయాడు. గచ్చు పోశాక అవ్వ ఏదో ఒకనాడు మంట పెట్టి ఉంటే పైపులన్నీ మెత్తబడిపోయేవి. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆగని నవ్వు. మాన్‌గిల్ ప్యాంటు లోంచి క్యాబేజీ ఆకు తీస్తూ పొర్లి పొర్లి నవ్వాడట.

నిప్పులు లాగేశారు. ముల్లు మెల్లగా పదికి దిగింది. పొద్దున్నే ఇటుకలతో పొయ్యి మూసేస్తానని బొన్‌సిక్ మాటిచ్చాడు. దానికి బదులుగా అవ్వ ఇద్దర్నీ తద్దినానికి నిలబెట్టింది. కొడుకులు ఊళ్లో లేరు మరి.

పైపుల మధ్య ఖాళీల్లో బల్ల కాళ్లు ఇరికించి అన్నం, చారు, ఎండుచేప, కల్లు పెట్టారు. రెండు కొవ్వొత్తులు వెలిగించారు. పైపు తొక్కకుండా వంగి దణ్ణం పెట్టడం ఎంత కష్టమో మాన్‌గిల్ నా కొట్లో చేసి మరీ చూపించాడు. తర్వాత ముగ్గురూ బయటికొచ్చి తలుపు మూశారు, ఆయన మొహమాటపడకుండా తినాలి కదా. తొమ్మిది ముద్దలు తినేంతసేపు ఆగి, ఎవరో ఒకరు మూడుసార్లు దగ్గాక, అప్పుడు తలుపు తీయాలి.

చీకట్లో నిలబడ్డారు. ఇంకా నవ్వు ఆపుకుంటూనే ఉన్నారు.

ఖళ్... ఖళ్... ఖళ్.

బొన్‌సిక్ తలుపు తీశాడు.

ఒక కొవ్వొత్తి పడిపోయి ఉంది. దొర్లుకుంటూ వెళ్లి పైపు చుట్టకి వేలెడు దూరంలో ఆగింది, మంట ఆరలేదు, పైపు వైపే సాగుతోంది. బొన్‌సిక్ పొట్ట మీద పడి ఊదేశాడు. ముల్లు పది మీదే ఉంది. ఇంకో నిమిషం ఆగి ఉంటే ఆ పైపు చిల్లిపడేది, వాడి పేరూ పోయేది.

ఏడింటికి లారీ వచ్చింది. గచ్చు పడింది.

మొన్న చలికాలం మధ్యలో ఇద్దరూ అవ్వని చూసొద్దామని వెళ్లారు. వెచ్చటి నేల మీద వెల్లకిలా పడుకుని ఉందట.

“బావా, ఆ రోజు నువ్వు సమయానికి దగ్గావు,” అన్నాడు బొన్‌సిక్.

“నేనా? నువ్వనుకున్నానే!”

ఇద్దరూ అవ్వ వైపు చూశారు.

“నేనెక్కడ దగ్గాన్రా? నా నోట్లో జిగురు బియ్యం ఉండ ఉంది. ఇంకా మూడు ముద్దలే లెక్కపెట్టాను, ఇంతలో మీరు తలుపు తీసేశారు!” అంది అవ్వ. ఆమె ఇటు నుంచి అటు ఒత్తిగిల్లి, పక్కన ఖాళీగా ఉన్న దిండుని కోపంగా చరిచింది. “అన్నం సగంలో వదిలేసి లేవొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”