వేడిగది ముందు చెప్పుల జత

అది చనిపోయిన రాత్రి దాని చెప్పులు నా కాళ్ళకున్నాయి. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా నోరు కదిపి చూసుకోలేదు.

మా లాండ్రీ వెనకవైపు ఒక గదుంది. హోటళ్ళ నుంచీ ఆసుపత్రుల నుంచీ వచ్చే కంబళ్ళూ, బరువైన పరదాలూ అందులోనే ఆరతాయి. ఇనపరేకు తలుపు. కిటికీ లేదు. పైన బారులు బారులుగా తీగలు, మూలన వేడిగాలి కొట్టే బ్లోయరు. ఆ గాలి తోపుకి తలుపు తెరుచుకుపోతుందని గొళ్ళెం బయటికి పెట్టారు. దీపం స్విచ్చి కూడా బయటే. మేం దాన్ని వేడిగది అంటాం. పొద్దుగూకాక ఒంటరిగా అందులోకి వెళ్ళమంటే ఎవరికైనా ఉన్నట్టుండి కడుపునొప్పి వస్తుంది.

లోపల కంబళ్ళు వాటంతటవే జరుగుతాయట. గుమ్మం ముందు ఎవరూ విడవని చెప్పులు కనిపిస్తాయట... మళ్ళీ చూస్తే ఉండవట. ఇస్త్రీ బల్ల దగ్గర పెద్దమ్మ ఒకావిడ ఉంది. వేలాడే దుప్పటి అంచు కింద రెండు ఒట్టి పాదాలు చూశానని ఇప్పటికి నాలుగు రకాలుగా చెప్పింది. ఒకసారి తడి పాదాలంటుంది, ఒకసారి మసి పాదాలంటుంది. మా మేస్త్రీ మాత్రం, దెయ్యముంటే మంచిదే, రాత్రి షిఫ్టుకి జీతమడగని మనిషి దొరికినట్టే అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వాళ్ళు దెయ్యమంటున్నది నా స్నేహితురాల్ని.

ఒకటి నుంచి పది దాకా ఒకే తరగతి, ఒకే బెంచీ. అది వాగుతూనే ఉండేది కాబట్టి మాస్టారు దానికి వసపిట్ట అని పేరు పెట్టారు. పక్కన నేను నోరు విప్పను కాబట్టి నన్ను నత్త అన్నారు. బడి అయిపోయాక ఇద్దరం ఈ లాండ్రీలోనే చేరాం. మా పాదాల కొలత కూడా ఒకటే. ఒకే కొట్టులో, ఒకే రోజు, నీలం రబ్బరు చెప్పులు రెండు జతలు కొనుక్కున్నాం. ఆ తర్వాత ఏది ఎవరిదో మేమే మరిచిపోయాం. విడిచిన చోట ఏది ముందు కాలికి తగిలితే అది వేసుకుని పోయేవాళ్ళం.

వేడిగదికి ఒక నియమముంది. లోపలికి వెళ్ళే మనిషి చెప్పులు గుమ్మం ముందు విడవాలి. ఉతికిన బట్టల మీద మురికి పడకూడదని మొదలైన అలవాటు, పోనుపోను అదే గుర్తయిపోయింది. చెప్పులుంటే లోపల మనిషి ఉన్నట్టు. లేకపోతే గొళ్ళెం వేసి బ్లోయరు తిప్పేయొచ్చు. కంబళ్ళ వరసల మధ్య మనిషి కనబడదు. ఆ మోతలో కేక వినబడదు. అందుకని మేస్త్రీ చూసేది ఒక్కటే, చెప్పులు.

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం నా చెప్పు తెగింది. బస్సు వేళయింది. వసపిట్ట లోపల చివరి పరదాలు దించుతోంది. రెండు నిమిషాలాగవే నత్తా, కలిసి పోదాం అని లోపల్నుంచే అంది. నాకు ఆగబుద్ధి కాలేదు. తెగిన జత దాని బల్ల కిందికి తోసి, వేడిగది ముందున్న జత తొడుక్కుని పరిగెత్తాను. రేపొచ్చి తిడుతుందిలే అనుకున్నాను. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే సంబరపడ్డాను కూడా.

ఆ చెప్పులు నా కంటికి గుమ్మం ముందు గుర్తులా కనబడలేదు. మా చెప్పుల్లా కనబడ్డాయి. అంతే.

మర్నాడు పొద్దున తలుపు తీసింది మేస్త్రీయే.

అందరూ కలిసి తేల్చిందేమిటంటే — చెప్పు తెగిందని బల్ల కింద విడిచేసి, ఒట్టికాళ్ళతో లోపలికి వెళ్ళింది, గుర్తు పెట్టలేదు, తప్పు దానిదే. నేను అక్కడే నిలబడి విన్నాను. నువ్వెప్పుడు వెళ్ళావని అడిగారు. ముందే వెళ్ళిపోయానన్నాను. అబద్ధం కాదు. అదే ఇంకా పాపం.

ఆ తెగిన చెప్పులు వాళ్ళమ్మ పట్టుకెళ్ళింది. ఆమెని నేను పిన్నీ అంటాను. నెల తిరక్కుండా ఒకసారి చూడబోతే, వాటిని శుభ్రంగా కడిగి గూట్లో పెట్టుకుని ఉంది. నా చెప్పులు.

"చెప్పు తెగిందని నాతో ఒక్క మాట అనలేదు చూడు తల్లీ," అంది. "అడిగితే కొనివ్వననుకుందా? నేనంత గయ్యాళినా?"

ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు. ఆమె ఫోను చేస్తే ఎత్తలేదు. చేసీ చేసీ ఆమే మానేసింది.

ఇక ఇవాళ్టి సంగతి.

చివరి వరసలో ఆరిన కంబళ్ళు దించాలి. వంతు నాది. రెండేళ్ళుగా ఆ వంతు వచ్చినప్పుడల్లా ఎవరి పనో నేను చేసి నా పని వాళ్ళకంటగడుతూ వచ్చాను. ఇవాళ మార్చుకునేవాళ్ళు దొరకలేదు. ఏడున్నరయింది, బయట చీకటి పడింది. వేడికి పాడవుతుందని ఫోను బల్ల మీదే పెట్టాను. గుమ్మం ముందు చెప్పులు విడిచాను. నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి చూసుకున్నాను. ఉన్నాయి.

చివరి వరస దాకా వెళ్ళాను. చేతులెత్తి మొదటి కంబళి పట్టుకున్నాను —

దీపం ఆరిపోయింది.

గొళ్ళెం పడిన చప్పుడు. ఆ వెంటనే మూలన బ్లోయరు గర్జించింది.

పరిగెత్తాను. ఎటు పరిగెత్తినా కంబళ్ళే. మొహానికి చుట్టుకుంటున్నాయి, తోస్తే వెనక్కొచ్చి వీపు మీద కొడుతున్నాయి. తలుపెటో తెలియడం లేదు. చేతికి గోడ తగిలింది. గోడ పట్టుకుని నడిచాను. మూల. మళ్ళీ గోడ. చివరికి ఇనపరేకు...

కొట్టాను. రెండు అరచేతులతో కొట్టాను. వసపిట్ట పోయాక లోపలి గోడకి, నొక్కితే బయట మోగే గంట మీట ఒకటి పెట్టించారు. ఆర్నెల్లకే అది మూగబోయింది. అయినా నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను.

గాలి వేడెక్కుతోంది. పీలిస్తే ముక్కులోపల మండుతోంది. గొంతు తడారిపోయి కేక కేకలా రావడం లేదు. అప్పుడు... ఆ చీకట్లో... ఇన్నాళ్ళూ రానివ్వని ఆలోచన వచ్చేసింది. అది కూడా ఈ రేకు మీదే కొట్టి ఉంటుంది. గుమ్మం ముందు నా చెప్పులున్నాయి కదా, ఎవరో చూస్తారులే అనుకుంటూ కొట్టి ఉంటుంది.

కింద కాస్త చల్లగా ఉంటుందని తలుపుకి చేరగిలబడి కూర్చున్నాను.

ఎదురుగా చీకట్లో, తీగ మీద కంబళి జరిగిన చప్పుడు.

గాలికే అనుకున్నాను. గాలి అటు తోస్తోంది... కంబళి ఇటు జరిగింది. తర్వాత ఇంకొకటి. ఎవరో ఒక్కొక్క వరస తప్పించుకుంటూ వస్తున్నట్టు. నేల మీద ఒట్టి పాదాల సడి. ఆ మోతలో అది వినబడకూడదు. వినబడింది.

కళ్ళు మూసుకున్నాను. కాళ్ళు దగ్గరికి లాక్కోబోయాను.

నా కుడి పాదం మీద ఒక పాదం పడింది.

నొప్పి పెట్టేలా తొక్కలేదు. మెత్తగా, మడమతో, ఒకసారి నొక్కి... అలాగే ఉంచింది.

ఆ తొక్కడం నాకు తెలుసు.

బళ్ళో మాస్టారు ఎవరు చేశారీ పని అని అడిగినప్పుడల్లా, బెంచీ కింద నా పాదం మీద అలాగే పడేది వసపిట్ట పాదం. నోరు మూసుకో, నేను చూసుకుంటాను అని. తర్వాత అదే లేచి నిలబడేది. నా సిరా మరకలకీ, నేను పగలగొట్టిన పలకలకీ పదేళ్ళు బెత్తం దెబ్బలు తిన్నది అదే.

చచ్చిపోయి కూడా నన్ను నోరు మూసుకోమంటోంది. తప్పు తనదేనని అందరూ అనుకుంటున్నారుగా, అలాగే ఉండనీ అంటోంది.

"ఈసారి వద్దే," అన్నాను. గుసగుసగా. ఆ గదిలో నా నోటినుంచి వచ్చిన మాట అదొక్కటే.

గొళ్ళెం లేచింది. నేను వెల్లకిలా బయటికి పడ్డాను.

తలుపు తీసింది ఇస్త్రీ పెద్దమ్మ. రొప్పుతోంది. ఆవిడ కాళ్ళకి నా చెప్పులున్నాయి.

మేస్త్రీ నీళ్ళ బిందెతో పరిగెత్తుకొచ్చాడు. మొహం పాలిపోయింది. చెప్పుల్లేవు, నేను చూశాను, గుమ్మం ముందు చెప్పుల్లేవు అని అదే మాట తిప్పి తిప్పి అంటున్నాడు. ఇంకో నిమిషమైతే వాడు ఇంటికి పోయేవాడు.

"వాణ్ణేమీ అనకండి," అంది పెద్దమ్మ అందరికీ వినబడేలా. "చెప్పులు తొడుక్కెళ్ళింది నేను. మూల కొట్టుకి వెళ్ళొద్దామని, దగ్గర్లో ఉన్నాయి కదాని కాళ్ళు దూర్చాను. రోడ్డు మీద వదులుగా జారితే చూసుకున్నాను. నేనే. నా పాడు కాళ్ళే."

అంతే. ఎవరూ అడగలేదు. అడగకముందే చెప్పేసింది. నా మొహం మీద నీళ్ళు చల్లుతూ, తనని తాను తిట్టుకుంటూ, మధ్యమధ్యలో మేస్త్రీని కూడా తిడుతూ చెప్పేసింది. నేను రెండేళ్ళలో అనలేని మాట ఆవిడకి పావు నిమిషం కూడా పట్టలేదు.

లోపల ఎన్నాళ్ళో ఉన్నాననుకున్నాను. పన్నెండు నిమిషాలట. నా పాదం మీద పడినదేమిటో నాకు తెలియదు. వేడికి కళ్ళు తిరిగి అలా అనిపించి ఉంటుందని మీరంటే కాదనను. చెప్పుల సంగతి తేలిపోయింది. పాదం సంగతి తేలలేదు.

ఇంటికొచ్చి ఇదంతా రాశాను. రాయడం నాకు తేలిక. కాగితం ఎదురు ప్రశ్న వెయ్యదు. పిన్ని వేస్తుంది. ఎందుకు చెప్పలేదే అంటుంది. తిడుతుంది, ఏడుస్తుంది, ఇక నా మొహం చూడకపోవచ్చు. కానీ కూతురు తనని పరాయిదాన్ని చేసిందనే బాధ ఇవాళ్టితో వదులుతుంది. తెగిన చెప్పు దానిది కాదు. అందుకే వాళ్ళమ్మతో చెప్పడానికి దానికేమీ లేదు.

పదకొండున్నరయింది. ఈ వేళప్పుడు పిన్నిని నిద్ర లేపడమేమిటి, పొద్దున ఫోను చేద్దాంలే అనుకున్నాను. అనుకోగానే సిగ్గేసింది. ఆమె రెండేళ్ళుగా నిద్రపోతోందని నాకెవరు చెప్పారు?

ఇప్పుడే చేస్తాను.