లకుముకి పిట్ట అలిగిన రోజు

"ఇప్పుడు నవ్వింది మీరేనా?"

పొద్దున్నే గుడారం ముందుకొచ్చి ఓ కుర్రాడు ఇలా అడిగితే ఏ ఆడపిల్లయినా కాస్త సిగ్గుపడుతుంది. మన పళ్ల డాక్టరుకి అంత తీరిక లేదు. జుట్టునిండా ఇసుక, చేతిలో చల్లారిన టీ, ఎదురుగా కొబ్బరిచెట్టు మీద వాళ్ల నాన్న టోపీ పెట్టుకుని కూర్చున్న కోతి.

"నేనే. కోతి అనుకున్నారా?"

"లేదండీ. కోతులు ఇంత గట్టిగా నవ్వవు."

మనిషిని చూస్తే ఇల్లు దులపడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. మెడలో హెడ్‌ఫోన్లు, చేతిలో బూజుకర్రలాంటి పొడవాటి కర్ర, దాని కొసన బొచ్చు తొడిగిన మైకు. పక్షుల కూతలు రికార్డు చేయడం అతని ఉద్యోగమట. పక్కన మడచెట్లలో ఓ లకుముకి పిట్ట ఉందట. దాని కూత కోసమే పక్క గుడారంలో మకాం వేశాడట.

"నిన్న రికార్డింగులో మీ నాన్నగారి విజిలు పడింది. తర్వాత ఆయన గురక. ఇవాళ మీ నవ్వు."

"మా అమ్మ తిట్లు కూడా పడేదాకా ఆగండి. అన్నీ గంపగుత్తగా పట్టుకుపోవచ్చు."

అతను తలూపి వెళ్లిపోయాడు. గుడారంలోంచి అంతా విన్న వాళ్ల వదిన అప్పటికప్పుడే అతనికి 'మైకుబాబు' అని పేరు పెట్టేసింది.

నాన్న స్కూల్లో డ్రిల్లు మాస్టారు. సెలవుల్లో ప్రశాంతంగా గడుపుదామని కుటుంబాన్ని అడవి అంచునున్న ఈ సముద్రపు ఒడ్డుకి తీసుకొచ్చి, ఆ ప్రశాంతతని కూడా విజిలూది మొదలుపెట్టించిన మహానుభావుడు. లేవడానికో విజిలు, పళ్లు తోముకోవడానికో విజిలు. ఒడ్డున పీతలు కూడా ఆయన్ని చూసి వరస సరిచేసుకుంటున్నాయి.

"చెప్తే విన్నావా?" అంది అమ్మ. "నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవే అని మొత్తుకుంటూనే ఉన్నాను. మొన్నటి సంబంధం వాళ్లూ అదే అన్నారు, పిల్ల లక్షణంగా ఉంది గానీ నవ్వు వీధి చివరిదాకా వినిపిస్తోందని. ఇప్పుడు అడవిలో కూడా ఫిర్యాదే."

సంబంధం వాళ్ల మాట ఆమె పట్టించుకోలేదు. ఆ పెళ్లికొడుకు పళ్లకి గార పట్టి ఉంది. డాక్టరుగా ఆమెకీ అభ్యంతరాలున్నాయి.

మైకుబాబు సంగతి వేరు. కాళ్ల మీదుగా ఉడుము పాకుతున్నా మైకు కదలనివ్వకుండా, కళ్లు మూసుకుని వింటున్న ఆ మనిషిని ఆమె వచ్చిన సాయంత్రమే చూసింది. తనింట్లో ఎవరూ ఎవరి మాటా అంత శ్రద్ధగా వినగా చూసి ఎరగదు. నచ్చాడు. అలాంటి చెవులకి తన నవ్వే అడ్డమైందని తెలిశాక మనసు చివుక్కుమంది.

నవ్వడం మానేసింది.

మర్నాడు పొద్దున అడవిలో క్రమశిక్షణ గురించి నాన్న ఉపన్యాసం దంచుతుండగా, పైనుంచి ఓ పెద్ద ముక్కు పక్షి పండు వదిలింది. అది సూటిగా ఆయన బట్టతల మీద పడి పగిలింది. వదిన ఇసుకలో పడి దొర్లింది. ఆమె మాత్రం పెదవి కొరుక్కుని, వంగి బూట్ల లేసులు కట్టుకుంది. వేసుకున్నవి చెప్పులు.

భోజనాలయ్యాక తిరుగు ప్రయాణం. గుడారం విప్పుతుంటే మైకుబాబు వచ్చాడు.

"మీకు ఒంట్లో బాలేదా?"

"బానే ఉందే."

"మరి నిన్నటి నుంచీ నవ్వడం లేదేం?"

"మీ రికార్డింగులు పాడవుతున్నాయని."

"పాడవడమా? ఆ పిట్ట మీరు నవ్వితేనే కూస్తోందండీ. మీరు మానేశాక అదీ అలిగి కూర్చుంది. కావాలంటే వినండి."

వినమన్నది ఆమెని. చుట్టూ మూగింది కుటుంబం మొత్తం.

ఏ రికార్డింగుకైనా అది దేనిదో తన గొంతుతో చెప్పి పెట్టుకోవడం అతని వృత్తిలో అలవాటు. ఆ సంగతి బటన్ నొక్కకముందే గుర్తొచ్చి ఉంటే అతని పరువు దక్కేది.

'విజిలు. తీసేయాలి,' అంది రికార్డరు పెట్టెలోంచి అతని గొంతు.

నాన్న మీసం అదిరింది.

'గురక. సముద్రం హోరు అనుకున్నాను, కాదు. తీసేయాలి.'

'పక్క గుడారం అమ్మాయి నవ్వు. వెనకే లకుముకి జవాబు.'

మైకుబాబు మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆపడానికి చెయ్యి చాచాడు. డ్రిల్లు మాస్టారు విజిలూదారు.

"ఎక్కడివాళ్లక్కడే!"

'మళ్లీ ఆ అమ్మాయి నవ్వు. పిట్ట లేదు. అయినా తీసేయకూడదు.'

'ఇవాళ ఉదయం. గాలి లేదు. నవ్వు లేదు.' కాసేపు అలల చప్పుడు. 'ఏం బాలేదు.'

వదిన కూడా నోరు మూసుకుంది. అంతటి నిశ్శబ్దం దొరికినందుకు మామూలుగా అయితే అతను పండగ చేసుకోవాలి.

"నా గురక తీసేస్తావా?" అన్నారు నాన్న.

"అది శాస్త్రానికి పనికిరాదండీ."

"దీని నవ్వు పనికొస్తుందా?"

"శాస్త్రానికి కాదండీ." మెడలో హెడ్‌ఫోన్లు సర్దుకున్నాడు. "నాకు."

అమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "ఇప్పుడంటే బాగానే ఉంటుంది బాబూ. రోజూ వినాలంటే చెవులు తట్టుకోవద్దూ?"

"నేను హెడ్‌ఫోన్లలో వింటున్నానండీ. సౌండు పెంచుకుని మరీ."

ఆమెకి ముందు కళ్లు చెమర్చాయి. తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. అలవాటుగా నోటి దగ్గరికి వెళ్లిన చేతిని పట్టుకుని కిందికి దించింది అమ్మే.

ఆ నవ్వుకి చెట్టు మీద కోతి నాన్న టోపీ వదిలేసి పారిపోయింది. మడచెట్లలోంచి లకుముకి పిట్ట గొంతెత్తి జవాబిచ్చింది.

"అయ్యో, మైకు ఆన్ చేయనే లేదే," అంది వదిన.

మైకుబాబుకి అది వినిపించలేదు.