ఎర్రబడని పసుపు

ఆ ఉదయం ఆ ఇంట్లో ఎప్పటిలాగే అన్ని హడావుళ్లూ ఒకేసారి నడుస్తున్నాయి. వంటింట్లో టీ మరుగుతోంది. వెనక బాల్కనీలో అత్తగారు బకెట్లు కడుగుతున్న చప్పుడు. ముందు గదిలో కోడలు నేల మీద కూర్చుని పన్నెండు దిండు కవర్లు ఒకదాని మీద ఒకటి మడతపెట్టి పేరుస్తోంది. కిటికీలోంచి పడుతున్న ఎండకి ఆ దొంతర పసుపు పచ్చగా వెలిగిపోతోంది.

ఆఫీసు ఉద్యోగం మానేసి రెండేళ్ల కిందట ఆమె మొదలుపెట్టిన పని ఇది. నూలు గుడ్డ తెచ్చి, ఇంట్లోనే రంగువేసి, పరదాలూ, స్కార్ఫులూ, దిండు కవర్లూ కుట్టి అమ్మడం. రంగు అత్తగారిది, కుట్టు కోడలిది. పసుపు కొమ్ములు, ఉల్లిపాయ పొట్టు, దానిమ్మ తొక్కలు తప్ప మరేదీ ఆ బాల్కనీ గడప దాటి లోపలికి రాదని కోడలు అందరికీ గొప్పగా చెప్పుకునేది. ప్రతి వస్తువుకీ దారంతో కట్టిన చిన్న అట్టముక్క ఒకటి ఉంటుంది. దాని మీద పసుపు అంటిన అత్తగారి రెండు చేతుల ఫొటో. ఆ చేతుల కింద రెండే మాటలు: రసాయనం లేదు, రంగు పోదు.

"నా టెస్టర్ ఎవరైనా చూశారా?" అంటూ భర్త గదంతా వెతుకుతున్నాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజూ ఏదో ఒకటి పోగొట్టుకోనిదే ఇంట్లోంచి కదలడు.

"మీ చొక్కా జేబులోనే ఉంది కదండీ."

"అది నిన్నటిది."

"నిన్నటి టెస్టరుకి ఇవాళ్టి కరెంటు తెలీదా ఏంటి?"

అతను నవ్వి, సంచీ భుజాన వేసుకుంటూ గిర్రున తిరిగాడు. సంచీ వెళ్లి స్టూలు మీది టీ గ్లాసుకి తగిలింది. గ్లాసు తిన్నగా కవర్ల దొంతర మీదే బోర్లా పడింది.

"అయ్యో! కొంప ముంచారు కదండీ! పదకొండింటికి వీటి కోసం మేడమ్ వస్తుంది!"

"సబ్బు పెట్టెయ్, ఇట్టే పోతుంది," అన్నాడతను తప్పు చేసిన మొహంతో.

ఆమె పైనున్న కవరు పట్టుకుని సింకు దగ్గరికి పరుగెత్తింది. కుళాయి తిప్పి, బట్టల సబ్బు తీసి, ఆ కంగారులో మరకంతా గట్టిగా రుద్దేసింది. రుద్దాక గానీ తను చేసిందేమిటో తెలిసిరాలేదు.

పసుపు వేసిన గుడ్డకి సబ్బు తగలకూడదు. తగిలిందంటే క్షణంలో రక్తం చిమ్మినట్టు ఎర్రబడుతుంది. పని నేర్చుకున్న మొదటిరోజే ఆమె ఆ తప్పు చేసింది. చేతిలో గుడ్డ ఎర్రగా మారిపోవడం చూసి కెవ్వున అరిస్తే, అత్తగారు పగలబడి నవ్వి, "భయపడకు తల్లీ, పసుపుకి సబ్బంటే కోపం. కాస్త నిమ్మరసం పిండు, చల్లబడుతుంది," అన్నది. అందుకే కొన్న ప్రతివారికీ సబ్బు వాడొద్దని, చన్నీళ్లలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండి ఉతకమని కోడలే స్వయంగా చెబుతుంది.

ఆమె కళ్లు మూసుకుని తెరిచింది. గుడ్డ పచ్చగానే ఉంది. నురగ తెల్లగా ఉంది. నీళ్లు పోసి జాడిస్తే టీ మరక పోయింది. పసుపు మాత్రం చెక్కుచెదరలేదు.

"చూశావా, పోయింది! ఊరికే నన్నాడిపోసుకున్నావు," అన్నాడు భర్త వెనక నుంచి.

ఒక్క క్షణం ఆమెకీ పోయిన ప్రాణం లేచొచ్చినట్టే అనిపించింది. మరుక్షణం దొంతరలోంచి ఇంకో కవరు తెచ్చి మూలకి సబ్బు రాసింది. ఏమీ కాలేదు. మరొకటి తెచ్చింది. అదీ అంతే. ముచ్చటగా, కొత్తగా, బజారులో కొన్న గుడ్డలా నవ్వుతోంది.

"ఏమైంది? బాగానే ఉంది కదా, మచ్చ కూడా పడలేదు."

"పడలేదు కాబట్టే," అంది ఆమె. "ఇది పసుపు కాదండీ."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక భుజాన ఉన్న సంచీ మెల్లగా కిందపెట్టాడు.

"అత్తయ్యా! ఒకసారి ఇలా రండి."

అత్తగారు చేతులకున్న రబ్బరు తొడుగులు తీసుకుంటూ వచ్చింది. గోళ్లు చీలుతున్నాయని ఆరునెలలుగా ఆవిడ ఆ తొడుగులు వేసుకుంటోంది. పక్కన మనిషుంటే చెయ్యి ఆగిపోతుందని, రంగు వేసేటప్పుడు బాల్కనీ తలుపు కూడా దగ్గరికి వేసుకుంటోంది. సింకులో సబ్బు నురగ, అందులో పచ్చటి కవర్లు చూసి ఆవిడ గడపలోనే ఆగిపోయింది.

"సబ్బెందుకు రాశావమ్మాయ్?" అంది. అడిగినట్టు లేదు, దొరికిపోయినట్టుంది.

"రాయబట్టే తెలిసింది. ఇదేం రంగు అత్తయ్యా?"

అత్తగారు తొడుగులు వెనక్కి దాచుకుంది.

"మిమ్మల్నే. ఏం కలిపారు ఇందులో?"

"కాస్త మెల్లగా అడుగు, పెద్దావిడ," అన్నాడు భర్త.

"మీరు ఆగండి! ఆవిడ చేతుల ఫొటో వేసి ఊరందరికీ పంచాను. రసాయనం లేదని ఒట్టు పెట్టినట్టు చెప్పాను. అత్తయ్యా, వారం వారం ఇల్లంతా పసుపు వాసన వచ్చేది కదా. అది మరేమిటి?"

అత్తగారు తల దించుకుంది. "పసుపు వేరే గిన్నెలో మరగబెట్టేదాన్ని. వాసన కోసం."

కోడలు పొయ్యి వంక చూసింది. తప్పు చేయడం వేరు, దానికి పొయ్యి మీద ఇంకో గిన్నె పెట్టడం వేరు. ఆరునెలలుగా తను ఆ వాసన పీల్చి మురిసిపోయింది. వచ్చినవాళ్లని గుమ్మంలో నిలబెట్టి, "వాసన చూడండి, అదీ మా రంగు," అని చెప్పింది కూడా.

"మీకు నేనేం అన్యాయం చేశానత్తయ్యా? ఈ కవర్లు ఎవరికో తెలుసా? ఇళ్లు అలంకరించే మేడమ్ ఒక చిన్నపిల్ల గది కోసం చేయించుకుంటోంది. ఆ పిల్లకి ఏ మందు రంగు తగిలినా ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయట. వాళ్లమ్మ వెతికి వెతికి మనల్ని పట్టుకుంది. రాత్రంతా ఆ పిల్ల బుగ్గ ఆనించి పడుకునేది దీని మీదే!"

అత్తగారు చప్పున తలెత్తింది.

"చిన్నపిల్లకా? నాకు చెప్పలేదే! ఏదో గదికన్నావు, అంతేగా. చిన్నపిల్లకని ఒక్కమాటన్నా అన్నావా అమ్మాయ్?" ఆవిడ గోడ పట్టుకుంది. "భగవంతుడా... ఇంకా వెళ్లలేదు కదా? అన్నీ ఇక్కడే ఉన్నాయి కదా?"

"ఇక్కడే ఉన్నాయమ్మా," అని కొడుకు ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టబోయాడు. ఆవిడ కూర్చోలేదు. తన గదిలోకి వెళ్లి, మంచం కింద నుంచి సూట్‌కేసు లాక్కొచ్చింది. మామగారు పోయాక ఈ ఇంటికి వచ్చిన రోజు ఆవిడ తెచ్చుకున్న ఏకైక సామాను అది. ముందు గదిలో, కవర్ల పక్కనే పెట్టి తెరిచింది.

లోపల చింపిన రంగు ప్యాకెట్లు రబ్బరు బ్యాండు వేసి వరసగా ఉన్నాయి. వాటి కింద మడతపెట్టిన పరదా ఒకటి. కోడలు దాన్ని చూడగానే గుర్తుపట్టింది. కుట్టు తనదే. రంగే గుర్తుపట్టేలా లేదు. ఎండుగడ్డిలా పాలిపోయి ఉంది.

"దీన్ని పారేయమన్నాను కదా."

"పారేయలేకపోయాను. గుర్తుందా? నెల తిరక్కుండా వెలిసిపోయిందని ఆవిడెవరో దీన్ని నీ మొహాన విసిరి కొట్టి వెళ్లింది. ఆ రోజు నువ్వు వంటింట్లో కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చావు. నాకు వినిపించదనుకున్నావు."

నిజమే, కోడలు కుళాయి తిప్పింది అందుకే.

"పసుపు ఎండకి నిలవదు తల్లీ. దాని గుణమే అంత. రంగు పట్టాలని పటిక వేశాను, రెండు సార్లు ముంచాను, మూడు సార్లు ముంచాను. నిలవలేదు. నువ్వేమో అట్ట మీద రంగు పోదని అచ్చు వేయించావు. వేయించిన రోజు నువ్వే చదివి వినిపించావు కదా నాకు. రసాయనం లేదు, రంగు పోదు అని. రెండూ ఒక గుడ్డ మీద ఎలా నిలబడతాయి? ఏదో ఒకటే నిలబెట్టగలను. నిన్ను ఏడిపించింది రెండోది. అందుకని రెండోదాన్ని నిలబెట్టాను."

స్టూలు మీది నుంచి టీ చుక్కలు ఒక్కొక్కటే నేల మీద పడుతున్నాయి.

కోడలు అట్టముక్క చేతిలోకి తీసుకుని చూసింది. వందసార్లు చూసిందే. ఆ రెండో మాట ఎవరు రాశారు? అచ్చువేసే అతను, "మేడమ్, కింద ఖాళీగా ఉంది, ఇంకో మాట వేద్దామా?" అంటే, చూడ్డానికి బాగుంటుందని తనే చెప్పింది. అత్తగారిని అడగలేదు. రంగు వేసే మనిషిని రంగు ఎన్నాళ్లుంటుందని ఒక్కసారీ అడగలేదు. ఇందాకటి నుంచి ఆవిడ మీద అరుస్తోంది గానీ, మొదటి అబద్ధం తన చేత్తో రాసిందే. ఆ ఆలోచనకి సబ్బు రాసినప్పటి కంటే పెద్ద దెబ్బ తగిలినట్టయింది.

"నాతో చెప్పొచ్చు కదా అత్తయ్యా," అంది. ఈసారి గొంతులో కోపం లేదు.

"చెబితే?" అత్తగారు సూట్‌కేసు మూత పట్టుకుని నిలబడింది. "నా రంగు పనికిరాదని తెలిస్తే నువ్వు ఇంకెవరినో పెట్టుకుంటావు. తప్పులేదు, నీ వ్యాపారం నీది. అప్పుడు నేను పొద్దున్నే లేచి ఏం చేయను? ఆయన పోయాక ఈ ఇంట్లో నన్ను పిలిచి అడిగింది నువ్వొక్కదానివే. అన్నానికి కాదు, పనికి పిలిచావు. అది పోతే నాకు మిగిలేది ఈ పెట్టే."

కొడుకు మొహం పక్కకి తిప్పుకున్నాడు. కోడలు ఏదో చెప్పబోయేలోగా కాలింగ్ బెల్ మోగింది.

పదకొండు ఇంకా కాలేదు. మేడమ్ పావుగంట ముందే వచ్చింది. లోపల అడుగుపెడుతూనే దొంతర చూసి, "అబ్బ, ఎంత నిండుగా ఉందో రంగు!" అంది.

కోడలు ఒకసారి భర్త వంక చూసింది. ఒకసారి అత్తగారి వంక చూసింది. సూట్‌కేసు మూత తెరిచే ఉంది.

"వీటిని మీకు ఇవ్వలేను మేడమ్. ఇది పసుపు కాదు, ప్యాకెట్టు రంగు. ఆరునెలలుగా ఇదే. నాకూ ఇవాళే తెలిసింది. కానీ తప్పు నాది."

మేడమ్ నవ్వు అలాగే ఆగిపోయింది. "ఏంటండీ మీరనేది? మీ మాట మీద నేను ఇంకో నాలుగిళ్లకి ఇప్పించాను. వాళ్లకేం చెప్పమంటారు?"

"మీరు చెప్పొద్దు. నేనే ఫోను చేసి చెబుతాను. వెనక్కి తీసుకుంటాను."

"తీసుకుంటే సరిపోతుందా? ఆ పిల్ల తల్లి మొహం నేనెలా చూడాలి?"

"రంగు కలిపింది నేనమ్మా," అంది అత్తగారు ముందుకొచ్చి. "ఆ పిల్ల తల్లి దగ్గరికి నన్ను తీసుకెళ్లు. నేను చెబుతాను. ఈ చేతుల ఫొటో చూసే కదా నమ్మింది."

మేడమ్ ఆ చేతుల వంక చూసింది. అట్ట మీద ఫొటోలో పచ్చగా ఉన్న చేతులు ఇక్కడ తెల్లగా, ముడతలు పడి ఉన్నాయి. ఆవిడ కోపం తగ్గలేదు గానీ మాట తగ్గింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"ఆ గదికి సున్నాలింకా వేస్తున్నారు. పదిరోజులు టైముంది. నిజమైన రంగు వేయండి, అట్ట మీద నిజం రాయండి. అప్పుడు చూస్తాను. తీసుకుంటానని మాత్రం ఇప్పుడు అనను."

తలుపు మూసుకుంది. భర్త టెస్టర్ కోసం జేబు తడుముకుని, అది అక్కడే ఉందని చూసి, నవ్వలేక నవ్వాడు. "నేను వెళ్లనా, ఉండనా?" అన్నాడు.

"వెళ్లండి. వచ్చేటప్పుడు పసుపు కొమ్ములు తెండి. ఎక్కువే తెండి," అంది కోడలు.

అతను వెళ్లాక ఆమె ఫోను తీసుకుని ఒక్కో ఇంటికీ చెప్పింది. ఒకరు తిట్టారు. ఒకరు మాట్లాడకుండా పెట్టేశారు. ఒకావిడ మాత్రం, "చెప్పారు, సంతోషం," అంది. ఫోన్లన్నీ అయ్యాక ఆమె బాల్కనీలోకి వెళ్లి, ఆ తలుపుని గోడ దాకా బార్లా తెరిచి, అత్తగారి పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"పక్కన మనిషుంటే మీ చెయ్యి ఆగిపోతుందా అత్తయ్యా?"

"ఆగదులే. అది కూడా అబద్ధమే," అంది అత్తగారు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. నవ్వులోనే ఇద్దరికీ కళ్లు నిండాయి.

ఇంట్లో మిగిలిన కొమ్ములు దంచి, మరగబెట్టి, ఒక తెల్ల గుడ్డ ముంచారు. ఈసారి అత్తగారు తొడుగులు వేసుకోలేదు.

"కొత్త అట్ట మీద ఏం రాయాలో మీరు చెప్పండి," అంది కోడలు కాగితం మోకాలి మీద పెట్టుకుని.

అత్తగారు గుడ్డ పిండుతూ చాలాసేపు ఆలోచించింది. "ఎండకి వెలుస్తుంది అని రాయి. వెలిస్తే తెచ్చివ్వండి, మళ్లీ వేసిస్తాం అని రాయి."

కోడలు అలాగే రాసింది. ఒక్క అక్షరం మార్చలేదు. రాశాక లోపలికి వెళ్లి, సూట్‌కేసులోంచి ప్యాకెట్లూ, పాత పరదా తీసి అవతల పెట్టింది. ఖాళీ సూట్‌కేసుని మంచం కిందకి తోయలేదు. తన కుట్టు మిషను పక్కకి తెచ్చి, అందులో కత్తెరలూ దారపుండలూ సర్దింది.

అత్తగారు చేతులు కడుక్కోవడానికి సింకు దగ్గరికి వచ్చి, పెట్టె వంక ఒకసారి చూసి, సబ్బు అందుకుంది. తెల్లటి నురగ ఆవిడ వేళ్ల మధ్య మెల్లగా గులాబీ రంగుకి తిరిగి, చూస్తుండగానే ఎర్రెర్రగా మారింది. ఆరునెలలుగా ఈ సింకులో నురగ తెల్లగానే పోతుంటే, పక్కనే నిలబడి కోడలు ఒక్కరోజూ గమనించలేదు.

కోడలు కుళాయి తిప్పలేదు. ఆ ఎర్రటి నురగతోనే అత్తగారి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, ముఖానికి ఆనించుకుంది.