ఆపరేషన్ ఫార్మాట్

కళ్లజోళ్ల దుకాణంలో మాస్టారు పై వరుస పెద్ద అక్షరాలు గడగడా చదివేశారు. రెండో వరుసా చదివారు. మూడో వరుస దగ్గర ఆగిపోయారు.

"మసగ్గా ఉందండీ."

"చుక్కల మందు వేశాం కదా సార్, కాసేపు అలాగే ఉంటుంది. కళ్లు మూసుకుని కూర్చోండి" అన్నాడు తెల్లకోటు మనిషి. తలుపు దగ్గరగా వేసి, వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు.

మాస్టారు బుద్ధిగా కళ్లు మూసుకున్నారు. మళ్లీ తెరవలేదు. గూఢచారి శాఖలో ఒక తరం ఏజెంట్లకు పాఠాలు చెప్పిన మనిషి, కొత్త అద్దాల కోసం వెళ్లి అలా పోయారు.

మధ్యాహ్నానికల్లా చీఫ్ గదిలో గుమాస్తా నిలబడి ఉన్నాడు. శాఖలో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. బస్సులో పక్కన కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పినవాడికి కూడా దిగాక అతని మొహం గుర్తుండదు. ఈ వృత్తిలో అంతకు మించిన అందం అక్కర్లేదు.

"ఏడవడానికి టైమ్ లేదు, విను" అన్నాడు చీఫ్. "మాస్టారిని చంపిన విదేశీ ముఠాలో మన మనిషి ఒకరున్నారు. కోడ్‌నేమ్ చిన్నమ్మాయి. అసలు ఎవరో నాకూ తెలీదు. మాస్టారికొక్కరికే తెలుసు."

"ఫైల్?"

"ఆఫీసులో లేదు. ఈ బిల్డింగులోంచే ఎవడో ముఠాకి సమాచారం అమ్ముతున్నాడని ఆయన అనుమానం. అందుకే ఆమె ఫోటో, రిపోర్టులు, అన్నీ ఇంట్లో తన పాత లాప్‌టాప్‌లో పెట్టుకున్నారు. ఆమె మన మనిషి అనడానికి ఉన్న ఆధారం అదొక్కటే."

"లాక్ ఉంటుంది కదా సార్?"

"దాన్ని పగలగొట్టే మెషీన్లు వాళ్ల దగ్గరున్నాయి. ఆ డిస్క్ వాళ్ల చేతికి చిక్కిందా, ఆ పిల్ల శవం కూడా మనకి దొరకదు. తెచ్చి నా టేబుల్ మీద పెట్టు."

మాస్టారింట్లో కుర్చీలన్నీ గోడవారగా జరిపేశారు. ఆయన కూతురు గుమాస్తాను చూడగానే లేచి వచ్చింది. చిన్నప్పటి నుంచీ అతన్ని అన్నయ్యా అనే పిలుస్తుంది.

"నాన్న లాప్‌టాప్ ఏదమ్మా?"

"నిన్న షాపులో ఇచ్చానన్నయ్యా. అది ఆన్ చేసి, స్నానం చేసొచ్చినా ఇంకా గిర్రున తిరుగుతూనే ఉంటుంది. కొత్తది కొనే స్తోమత ఎక్కడిది? మొత్తం తుడిచేసి ఫ్రీ ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే పరిగెడుతుందన్నారు. చవగ్గా అయిపోతుందని, నాన్నకి చెప్పకుండా..." ఆ పిల్ల మాట మధ్యలో ఆపి అతని మొహంలోకి చూసింది. "ఎందుకన్నయ్యా? తప్పు చేశానా?"

"లేదమ్మా."

బతుకంతా అబద్ధాలు చెప్పి నెట్టుకొచ్చిన మనిషికి ఆ ఒక్క ముక్క చెప్పడానికి ప్రాణం పోయినంత పనైంది.

షాపు ఒక పాత బిల్డింగు మెట్ల కింద ఉంది. మనిషి పక్కకి తిరిగితే తప్ప లోపలికి పట్టడు. గోడ నిండా వైర్లు, విప్పి పడేసిన కీబోర్డులు. మాస్టారి లాప్‌టాప్ టేబుల్ మీద తెరిచి ఉంది, పక్కన ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంది.

"ఫార్మాట్ అయిపోయింది సార్. ఓఎస్ ఎక్కించడమే మిగిలింది" అన్నాడు షాపతను.

ముఠాకి చిక్కినా ఇక ఏమీ దొరకదని గుమాస్తాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "అంటే, అందులో ఉన్నదంతా పోయినట్టేగా?"

"ఎక్కడికి పోతుంది సార్?" షాపతను నవ్వాడు. "క్విక్ ఫార్మాట్ చేశాను. పుస్తకంలో విషయసూచిక ఒక్కటే చింపినట్టు. పేజీలన్నీ అలాగే ఉన్నాయి. ప్రతి పేజీ మీదా సున్నాలు రాసుకుంటూ పోవాలంటే గంట పడుతుంది. ఈ రేటుకి ఎవడు చేస్తాడు? పైగా, రెండ్రోజులకి పెళ్లి ఫోటోలు పోయాయని ఏడుస్తూ వస్తారు. అవి వెనక్కి తీసిచ్చినప్పుడే కదా మాకు నాలుగు రాళ్లు మిగిలేది!"

ఎదురుగా రోడ్డు మీద నల్లకారు వచ్చి ఆగింది. గుమాస్తా తన గుర్తింపు కార్డు చూపించి, షాపతన్ని వెనక గుమ్మంలోంచి పంపేశాడు. అతని మాసిన కోటు తొడుక్కుని, స్క్రూడ్రైవర్ చెవి మీద పెట్టుకున్నాడు. చొక్కా జేబులో పెన్ను సరిచూసుకున్నాడు. దాని మూత నొక్కితే సిరాకు బదులు విషపు సూది వస్తుంది.

కారులోంచి దిగిన ఆడమనిషి తిన్నగా షాపులోకి వచ్చింది. బూడిదరంగు సిల్కు, నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. గుమాస్తా ఆమెను ఫోటోల్లో చాలాసార్లు చూశాడు. ముఠాకి కుడిభుజం. శాఖలో ఆమెకు పెట్టిన పేరు మహారాణి.

"మా బాబాయి లాప్‌టాప్. ఇక్కడిచ్చారని ఇంట్లో చెప్పారు, పట్టుకెళ్దామని వచ్చాను."

"చీటీ ఉందా మేడమ్?"

"చీటీ లేదు. ఇది ఉంది." హ్యాండ్‌బ్యాగులోంచి పిస్టల్ కొస కనిపించింది.

గుమాస్తా పెన్ను తీసి ఆమె వైపు తిప్పాడు. ఆమె చూపు పెన్ను మీద లేదు, అతని మణికట్టు మీద ఉంది. వాచీ డయల్ లోపలివైపుకి ఉంది. ఆమె తన జాకెట్టు పొడుగు చెయ్యి పైకి లాగింది. ఆ వాచీ కూడా అలాగే ఉంది. మెరిసే అద్దం మనిషిని పట్టిస్తుందని మాస్టారు తన శిష్యులందరికీ మొదటిరోజే నేర్పే అలవాటు అది.

"చిన్నమ్మాయివా?" అన్నాడు నమ్మలేక.

"మాస్టారు బాధపడ్డారా?"

"నిద్రలోనే పోయినట్టున్నారు."

"ఆ చుక్కల మందు సీసా నా చేతుల మీదుగానే వెళ్లింది. అందులో ఏముందో అంతా అయ్యాక చెప్పారు. చెప్పి నా మొహం వంక చూశారు." ఆమె కళ్లద్దాలు తీయలేదు. "నేను నవ్వాను."

గుమాస్తా పెన్ను జేబులో పెట్టేశాడు. తనకి కలిగింది ఆమె మీద జాలో, తన వృత్తి మీద అసహ్యమో అతనికే తెలియలేదు.

"వెనక దారుంది. పద, ఆఫీసుకి పోదాం."

"ఏ ఆఫీసుకి? ఈ లాప్‌టాప్ సంగతి వీళ్లకి చేరవేసింది ఆ ఆఫీసులోవాడే. వాడి పేరు ఇంకా నాకు తెలీలేదు. తెలిసేదాకా నేను రాను. డిస్క్ అక్కడికెళ్లినా, ఆ కారులోకెళ్లినా నా చావు ఒకటే. తుడిచేయ్. సున్నాలు రాయి."

"ఇది తుడిచేస్తే నువ్వు మనదానివని చెప్పే కాగితం ముక్క కూడా ఉండదు. మనవాళ్లే నిన్ను వేటాడతారు. ఇక ఇంటికి రాలేవు."

"తెలుసు. కానీయ్."

అంత మాట అన్న మనిషి ఏడిస్తే బాగుండునని గుమాస్తాకు అనిపించింది. ఆమె ఏడవలేదు. అతను కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కాడు.

ఆమె కారుకి ఫోన్ చేసింది. "ఓఎస్ ఎక్కుతోందట. మధ్యలో ఆపితే డిస్క్ పాడైపోతుందంటున్నాడు. ఆగండి." తర్వాత స్టూలు మీద కూర్చుంది. ఇద్దరూ స్క్రీన్ మీద పచ్చగీతను చూస్తూ ఉండిపోయారు. ఆ గీత కదిలిందో లేదో పరీక్షగా చూస్తే తప్ప తెలియడం లేదు. స్లో లాప్‌టాప్ అంటే జనం ఎందుకు తిట్టుకుంటారో గుమాస్తాకు ఆ రోజు బోధపడింది.

గీత చివరికి వస్తుండగా కారు తలుపు చప్పుడైంది. బట్టతలవాడు ఒకడు ఒళ్లు ఇరికించుకుంటూ లోపలికి వచ్చాడు.

"ఇంకెంతసేపు?" అంటూ స్క్రీన్ వైపు చూశాడు. వాడి మొహం మారిపోయింది. "ఓఎస్సా ఇది! తుడిచేస్తున్నాడు వీడు!"

వాడి వేలు పవర్ బటన్ మీదికి వెళ్లింది. అదే క్షణంలో పిస్టల్ పేలింది. గుమాస్తా కీబోర్డుల కుప్ప మీద పడ్డాడు. బట్టతలవాడు అదిరిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. పచ్చగీత చివరిదాకా నిండి, స్క్రీన్ నల్లబడింది.

"నన్ను వెర్రిదాన్ని చేసి కూర్చోబెట్టాడు వెధవ!" అని అరిచింది మహారాణి. "చచ్చాడులే. లాప్‌టాప్ తీసుకుని పద, జనం వస్తున్నారు!"

తూటా గుమాస్తా భుజం ఎముకను రాసుకుంటూ వెళ్లిపోయింది. మాస్టారి దగ్గర గురి నేర్చుకున్న చెయ్యి అది.

ఆసుపత్రి గదికి చీఫ్ ఇద్దరు ఆఫీసర్లను వెంటబెట్టుకుని వచ్చాడు.

"డిస్క్?"

"నేను వెళ్లేసరికే షాపులో తుడిచేశారు సార్."

"సరే. వాళ్లకీ దక్కలేదు, అంతవరకు నయం. నిన్ను కాల్చింది మహారాణి. ఎదురు షాపు కెమెరాలో దొరికింది. మాస్టారి చుక్కల మందు సీసా మీద కూడా దాని వేలిముద్రలే. కనిపిస్తే కాల్చెయ్యమని ఆర్డర్ వేశాను."

"మరి చిన్నమ్మాయి?"

"ఆధారం లేని మనిషి లేనట్టే. ఆ కేసు మూసేశాం."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చీఫ్ వెనక నిలబడ్డ ఇద్దరిలో ఒకడు, ముఠాకి సమాచారం అమ్మేది వాడో కాదో గాని, గుమాస్తా ఏం చెబుతాడో వినడానికి మరీ ముందుకు వంగాడు. గుమాస్తా నిజాన్ని మింగేశాడు.

"మహారాణి కేసు నాకే ఇవ్వండి సార్."

"పగబట్టావా?"

"అవును సార్."

"నీకే ఇస్తున్నా. ఇంతవరకూ నువ్వు పట్టుకోలేక వదిలేసినవాడు ఒక్కడూ లేడు."

చేపట్టిన ఏ కేసులోనూ ఓడిపోని గుమాస్తా, ఈ ఒక్క దాంట్లో పూర్తిగా ఓడిపోవడానికి ఏమేం చెయ్యాలో ఆసుపత్రి మంచం మీదే ఆలోచించడం మొదలుపెట్టాడు.