తల కోరిన గుహ

కత్తి మొనతో నాచు గీకేసరికి బండ మీద బొమ్మ బయటపడింది. మోకాళ్ళ మీద కూర్చున్న వీరుడు, అతని మెడ మీదికి దిగుతున్న కత్తి. పక్కనే మళ్ళీ తలతో లేచి నిలబడిన అదే వీరుడు, కాళ్ళ దగ్గర బంగారు రాశి.

"ఇదే ఈరమ్మా! మా అవ్వ చెప్పిన తావు ఇదే!" జలపాతపు హోరును మించి కేక పెట్టాడు పోలినాయకుడు.

శత్రువులు వాళ్ళ కోటను కూల్చి ఊరిని తగలబెట్టారు. మిగిలినవాళ్ళు నల్లమల వాలులో ఆకులూ దుంపలూ తిని బతుకుతున్నారు. ఊరు మళ్ళీ నిలబడాలంటే భైరవుడి గుహలోని ధనం ఒక్కటే దిక్కని పోలినాయకుడు భార్యను వెంటబెట్టుకుని బయలుదేరాడు. అతను పసివాడిగా విన్న కథ అది. పూర్వం ఒక వీరుడు భైరవుడి ముందు తన తల తానే నరుక్కున్నాడట. తల రాతిలోకి పోయి, తిరిగి వచ్చి మెడకు అతుక్కుందట. బంగారం అతని వశమైందట.

"బొమ్మ ఉంటే కథ నిజమైపోతాదా?" అంది ఈరమ్మ. "చెక్కినోడు గూడా ఎవురో చెప్తే విన్నోడే గదా."

"దేవుడి కథను అనుమానిస్తే కండ్లు పోతాయి!"

ఆ మాట పూర్తికాకముందే ఒక బాణం రివ్వున వచ్చి బండకు తగిలి విరిగింది. కింద చెట్ల సందున మాచప్ప కనిపించాడు. వాళ్ళ ఊరికి నిప్పు పెట్టించిన దళపతి అతనే. వెనుక అరడజను మంది భటులు.

"పట్టుకోండి! చంపొద్దు!" అరిచాడు మాచప్ప.

ఈరమ్మ విల్లు ఎక్కుపెట్టింది. ముందు పరుగెత్తుకొస్తున్న భటుడి గొంతులో బాణం దిగబడింది. వాడు నీళ్ళలో పడి కొట్టుకుపోయాడు. భార్యాభర్తలు జలపాతం వెనకనున్న గుహలోకి దూసుకుపోయారు.

పైకప్పు చీలికలోంచి ఎండ పడుతోంది. ఎదుట నిలువెత్తు భైరవ విగ్రహం. దాని ముందు నేలంతా ఎముకలు. తుప్పుపట్టిన కత్తులు. మొండేలు ఒకచోట, పుర్రెలు ఒకచోట. ఏ మెడకూ తల తిరిగి అతుక్కోలేదు.

ఈరమ్మ ఎముకల వైపు చెయ్యి చూపింది. "చూడయ్యా! వీళ్ళంతా నీలాగా కథ విని వచ్చినోళ్ళే!"

పోలినాయకుడి ముఖం పాలిపోయింది. అయినా అతను మోకాళ్ళ మీద కూర్చుని కత్తి మెడకు ఆనించుకున్నాడు.

"వాళ్ళకు భక్తి చాల్లేదు ఈరమ్మా. పక్కకు జరుగు."

"జరగను! నువ్వు చస్తే నాకు బంగారమెందుకు?"

ఆమె అతని మణికట్టు పట్టుకుని పెనుగులాడుతుండగానే భటులు మీద పడ్డారు. ఈరమ్మను జుట్టు పట్టి ఈడ్చారు. పోలినాయకుడిని ఇద్దరు అదిమిపట్టారు. మాచప్ప ఎముకల్ని తొక్కుకుంటూ వచ్చి నవ్వాడు.

"ఈ కథ నేనూ విన్నాలే. నిజమో కాదో తేల్చుకుందాం. ముందు ఈ ఆడదాని తల కొట్టండి!"

"వద్దు!" పోలినాయకుడి అరుపుకు గుహ దద్దరిల్లింది.

"ఎందుకురా ఏడుస్తావు? తల తిరిగొస్తాది గదా? నువ్వు నమ్మిన కథే గదా!"

భటుడు కత్తి ఎత్తాడు. ఆ క్షణంలో పోలినాయకుడిలో ఏదో తెగిపోయింది. పట్టుకున్నవాడి ముక్కు తలతో పగలగొట్టి, రెండోవాడి కడుపులో మోకాలు దించి, కింద పడిన తన కత్తి అందుకుని ఒక్క దూకు దూకాడు. ఎత్తిన చెయ్యి కత్తితో సహా తెగి ఎగిరిపడింది. ఆ భటుడి ఆర్తనాదం గుహంతా మారుమోగింది.

ఈరమ్మ దొర్లుకుంటూ విగ్రహం పాదాల దగ్గర పడింది. చల్లటి గాలి ముఖానికి కొట్టింది. పాదాల నడుమ, నేలబారున ఒక కంత! ఆమె బోర్లా పడుకుని తల లోపలికి దూర్చింది.

"తల పోయింది! దాని తల రాయి మింగింది!" భటులు గావుకేక పెట్టి బయటికి పరుగెత్తారు.

ఆమె తల బయటికి తీసి అరిచింది. "రావయ్యా! దారి ఉంది!"

ఇద్దరూ పాకుతూ లోపలికి జారారు. వెనకే మాచప్ప, పళ్ళు కొరుకుతూ, కంతలోకి తల దూర్చాడు. పోలినాయకుడి కత్తి దిగింది. తల లోపల పడింది. మొండెం బయట తన్నుకుంటూ ఉండిపోయింది.

లోపల విశాలమైన గుహ. నల్లటి ఏరు ఒకటి కొండ కడుపులోకి ఉరుకుతోంది. గట్టు మీద పగిలిన కుండల్లో బంగారం ధగధగ మెరుస్తోంది. పోలినాయకుడు గుప్పిళ్ళతో నడుముగుడ్డలోకి నింపుకున్నాడు. ఇంతలో కంతలోంచి నల్లటి పొగ కమ్ముకొచ్చింది. తేరుకున్న భటులు బయట మంట పెట్టారు.

"దూకు!" అరిచింది ఈరమ్మ.

ఏరు ఇద్దర్నీ లాక్కుపోయింది. బంగారం బరువుకు పోలినాయకుడు అడుక్కి దిగిపోసాగాడు. మూట విప్పబోతే ముడి రాలేదు. ఊపిరితిత్తులు పగిలిపోతున్నాయి. ఈరమ్మ మునిగి, తడుముకుని, బాకుతో ఆ గుడ్డను కోసేసింది. బంగారం చీకట్లోకి రాలిపోయింది.

కొండకు అవతలి పక్క ఎండలో, ఇసుక మీద పడి ఇద్దరూ నీళ్ళు కక్కుకున్నారు. పోలినాయకుడు ఆమె వైపు ఒరిగాడు.

"మాచప్ప తల... నేను చూస్తానే ఉన్నా. అది కదల్లేదు."

"కదలదు."

"మా అవ్వ నాకు అబద్ధం చెప్పిందా ఈరమ్మా?"

పెనుగులాటలో అతని మెడ మీద పడిన గాటును ఆమె తడిగుడ్డతో తుడిచింది. "ఆమె నీకు కథ చెప్పింది. కత్తి ఇయ్యలేదు. తల వంచి దూరినోడికి దారి దొరికింటాది. నోళ్ళు మారి మారి అది తల నరుక్కోడమయ్యిందేమో. నాకు మాత్రం ఏం తెలుసు?"

పోలినాయకుడు రెండు చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. తర్వాత లేచి, ఆమెకు చెయ్యి అందించాడు.

"ఉట్టి చేతుల్తో పోతున్నాం. మనోళ్ళకు ఏం చెప్దాం?"

"ఆ గుహలో కథ నమ్మి వచ్చినోళ్ళ ఎముకలున్నాయని చెప్దాం," అంది ఈరమ్మ. "బంగారం సంగతి తర్వాత. ముందు ఎముకల సంగతి చెప్దాం."